గాడేరు నీళ్లలో ఏముంది? – ప్లవకాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గాడేరు పాయ పారే కోరింగ మడ అడవుల చుట్టూ ఉన్న నీటి నాణ్యత గురించి ఈ మధ్య చాలా ప్రశ్నలు వచ్చాయి. నీటితోపాటే కొట్టుకుపోయే చిన్న జీవులైన ప్లవకాలను సూక్ష్మదర్శినిలో చూసి నీటి మంచిచెడ్డలు చెప్పవచ్చా అన్నదే వాటిలో ఎక్కువ. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

పీహెచ్ మీటరు, ఆక్సిజన్ మీటరు చేతిలో ఉండగా కంటికి కనపడని ఈ పురుగుల్ని లెక్కపెట్టడం దేనికి?
– ఒక ఉపాధ్యాయుడు, తాళ్లరేవు

మీటరు చెప్పేది ఆ నిమిషం సంగతి, మాస్టారూ. రాత్రి సముద్రం పాటు తీసేటప్పుడు డ్రెయిన్లోకి వదిలిన మురుగు తెల్లారేసరికి అఖాతంలోకి జారిపోతుంది. తొమ్మిదింటికి మీరు మీటరు ముంచితే అంకెలన్నీ పద్ధతిగానే ఉంటాయి. ఆ నీళ్లలో బతికిన జీవుల జాబితా మాత్రం అంత తొందరగా మారదు. వెలుతురు, పోషకాలు దొరికితే డయాటం అనే గాజులాంటి గుల్ల ఉన్న ఏకకణ పాచి రోజుకు ఒకటి రెండుసార్లు రెండుగా చీలుతుంది. అందుకని దాని సంఖ్య గడిచిన మూడు నాలుగు రోజుల కథ చెబుతుంది. కోపిపోడ్ అనే బియ్యపు నూకంత జంతు ప్లవకం మన వెచ్చటి నీళ్లలో గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అది ఇంకాస్త వెనకటి కథ చెబుతుంది.

ఇంకో మాట. అవన్నీ పురుగులు కావు. వాటిలో వృక్ష ప్లవకాలు కిరణజన్య సంయోగక్రియ చేసే ఏకకణ జీవులు, జంతు ప్లవకాలు వాటిని తినేవి. రెండూ ప్రవాహానికి ఎదురీదలేక నీటితోపాటే కొట్టుకుపోతాయి. అంటే అవి సాక్ష్యం చెప్పేది ఆ నీటి గురించి, మీరు నిలబడిన రేవు గురించి కాదు. ఫలానా చోటు ఎలా ఉందో తెలియాలంటే అడుగు బురదలోని పురుగులు మెరుగైన సాక్షులు.

అలాగని మీటర్లు పారేయకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీరజలాలను ఐదు తరగతులుగా విడదీసి పీహెచ్, కరిగిన ఆక్సిజన్, మల కోలిఫాం (మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) వంటివాటికి హద్దులు పెట్టింది. స్నానాలకు పనికొచ్చే తరగతిలో ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములు లేదా 50 శాతం సంతృప్తత, ఏది ఎక్కువైతే అది ఉండాలి. మల కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 100 మించకూడదు. ప్లవకాలకు ఇలాంటి అంకె ఏదీ లేదు. కాబట్టి ఫిర్యాదు కాగితం మీద వాటి లెక్క ఒక్కటే నిలవదు. మీటరు ఎక్కడ, ఎప్పుడు ముంచాలో చెప్పడానికి మాత్రం వాటిని మించినవి లేవు.

కాకినాడ అఖాతం, గౌతమి పాయల్లో ప్లవకాల మీద ప్రాజెక్టు చేస్తున్నాం. ఒకే చోట ఉదయం ఒక లెక్క, సాయంత్రం దానికి పొంతన లేని ఇంకో లెక్క వచ్చాయి. నమూనా తీయడం దగ్గర్నుంచి పద్ధతి చెప్పండి.
– డిగ్రీ విద్యార్థినులు, కాకినాడ

తప్పు మీ లెక్కలో కాక పోటుపాట్లలో ఉండి ఉంటుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటు నుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. నిండు పోటు మీద తీసినవి సముద్రపు నీళ్లు, పాటు చివర తీసినవి పాయ నీళ్లు, డ్రెయిన్ నీళ్లు. చోటు ఒకటే అయినా నీళ్లు వేరు. అందుకని గడియారం టైముతోపాటు ‘నిండు పోటు తర్వాత ఎన్ని గంటలకు’ అన్నది కూడా పుస్తకంలో రాయండి. తిథి కూడా రాయండి. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు పెద్దది, అష్టమి వెనక చిన్నది. అష్టమి నమూనాను అష్టమి నమూనాతోనే పోల్చాలి.

పడవ ఆగగానే మొదటి పని ఉప్పదనం చూడటం. రిఫ్రాక్టోమీటరును డిస్టిల్డ్ వాటరుతో సున్నాకు తెచ్చి చూడండి. ఈ అంకె లేని ప్లవకాల పట్టిక మా దృష్టిలో చిత్తు కాగితం.

నమూనాలు రెండు రకాలుగా తీయాలి. లెక్కకు సీసా, పేర్లకు వల. చాలా ప్రాజెక్టులు వలతో తీసిన దాన్నే లెక్కపెట్టి చెడిపోతాయి. 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) కన్నులున్న వలలోంచి అంతకంటే చిన్న కణాలు జారిపోతాయి, కొన్నిసార్లు సగానికి పైగా ఉండేవి అవే. సీసా నమూనాకు ఇంజను ఆపి, ప్రవాహం వచ్చే వైపు నుంచి, నీటి పైపొరకు 30 సెంటీమీటర్ల లోతున ఒక లీటరు తీయండి. గౌతమిలో వరద లేని రోజుల్లో తేలిక నీరు పైన, ఉప్పు నీరు కింద పొరలుగా ఉంటాయి. కాబట్టి అడుగు నుంచి కూడా ఒకటి తీయాలి. ఖరీదైన పరికరం లేకపోతే రాయి కట్టిన సీసాకు బిరడా పెట్టి, బిరడాకు వేరే తాడు కట్టి, లోతుకు దిగాక ఆ తాడు లాగండి.

లీటరు సీసాలో వెంటనే ల్యూగాల్ అయోడిన్ వేయాలి. 20 గ్రాముల పొటాషియం అయొడైడును 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరులో కరిగించి, అందులో 10 గ్రాముల అయోడిన్, అది పూర్తిగా కరిగాక 20 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలపండి. అయొడైడు ముందు వేయకపోతే అయోడిన్ కరగదు, అడుగున మిగిలిపోతుంది. నమూనాకు పాలు లేని పల్చటి టీ రంగు రావాలి. 100 మిల్లీలీటర్లకు ఒక మిల్లీలీటరు సరిపోతుంది. వెలుతురుకు ఈ రంగు వెలిసిపోతుంది. రంగు పోయిందంటే రక్షణ పోయినట్టే, మళ్లీ చుక్కలు కలపాలి. మందుల దుకాణం గోధుమ రంగు సీసాలు దీనికి బాగా పనికొస్తాయి.

జంతు ప్లవకాలకు 200 మైక్రాన్ల వల కావాలి. వల నోరు 30 సెంటీమీటర్లు, లాగిన దూరం 100 మీటర్లు అనుకుంటే వడకట్టిన నీరు 3.14 × 0.15 × 0.15 × 100, అంటే సుమారు 7 ఘనపు మీటర్లు. కాగితం మీద ఇది నిజమే. గాడేరులో బురద, ఆకుల పీచు పట్టుకుని రెండు నిమిషాల్లో వల కళ్లు మూసుకుంటాయి. ఆ తర్వాత నీరు వలలోంచి పోకుండా నోటి దగ్గరే పక్కలకు పొర్లిపోతుంది. మీరు మాత్రం 7 ఘనపు మీటర్లతోనే భాగిస్తూ ఉంటారు, సంఖ్య ఉన్నదానికంటే తక్కువ తేలుతుంది. నోటికి ఫ్లోమీటరు కట్టడమే సరైన మందు. లేకపోతే కొద్ది దూరమే, సెకనుకు మీటరుకు మించకుండా లాగండి. వలను బయటి నుంచే కడగాలి, లోపల పోస్తే ఆ నీళ్లలోని ప్లవకాలు కూడా మీ లెక్కలో కలుస్తాయి. నిల్వకు తొమ్మిది పాళ్ల నమూనాకు ఒక పాలు బజారు ఫార్మలిన్, చిటికెడు బోరాక్స్. బోరాక్స్ వేయకపోతే ఆమ్లం పెరిగి చిన్న నత్త, ఆల్చిప్ప పిల్లల గుల్లలు కరిగిపోతాయి. ఫార్మలిన్ పని గాలి ఆడే చోట, గ్లోవ్స్ వేసుకునే చేయాలి.

కాలేజీకి వచ్చాక లీటరు సీసాను కదపకుండా 48 గంటలు ఉంచండి. చివర పైకి వంచి, సన్నటి వలగుడ్డ కట్టిన గొట్టంతో పైనీటిని మెల్లగా లాగేసి 20 మిల్లీలీటర్లు మిగల్చండి. దాన్ని నెమ్మదిగా తలకిందులు చేస్తూ కలిపి, ఒక మిల్లీలీటరును సెడ్జ్‌విక్ రాఫ్టర్ అనే లెక్కింపు గదిలో పోయండి. ఈ గది 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, ఒక మిల్లీమీటరు లోతు, 1000 గళ్లు. పావుగంట ఆగితే కణాలు అడుగుకు దిగుతాయి. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో లెక్కపెట్టండి. గది మందం వల్ల 40 రెట్లదానికి సాధారణంగా ఫోకస్ కుదరదు, కిందికి దించితే అద్దం పగులుతుంది. జాతి తేల్చుకోవడానికి మామూలు స్లైడు మీద ఇంకో చుక్క వేసుకోండి. గదంతా చూసి 412 కణాలు తేలితే లీటరుకు 412 × 20 = 8,240.

ఎన్ని లెక్కపెట్టాలి అన్నది అందరూ వదిలేసే ప్రశ్న. 100 కణాలు లెక్కపెడితే అంకెలో 20 శాతం అటూఇటూ ఉండవచ్చు. 400 లెక్కపెడితే 10 శాతం. 25 లెక్కపెట్టి ‘నిరుటికంటే 30 శాతం తగ్గింది’ అని రాస్తే దానికి అర్థం లేదు. గొలుసు కట్టే డయాటం స్కెలిటోనీమా గొలుసులో 8 కణాలుంటే 8 అనే రాయాలి, ఒకటి అని కాదు. ఖాళీ డయాటం గుల్లలు లెక్కలోకి రావు. కాకినాడ అఖాతం దక్షిణ భాగంలో లోతు తక్కువ, గాలి వీస్తే అడుగు బురద లేచి పాత గుల్లలు, బురద మీద బతికే నావిక్యులా, ప్లూరోసిగ్మా డయాటంలు నీళ్లలో కలుస్తాయి. లోపల పత్రహరితపు ముద్ద కనిపిస్తేనే అది బతికి ఉన్న కణం.

అభయారణ్యం హద్దుల్లో నమూనా తీయాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఆగస్టు వరదలో యానాం దగ్గర నీళ్లు తీసి చూస్తే దాదాపు ఏమీ లేవు. ఫ్యాక్టరీల నీరు అన్నిటినీ చంపేసిందా?
– ఒక పాఠకురాలు, యానాం

కాదండి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేసేది 11.75 అడుగుల మట్టానికి, అంటే సముద్రంలోకి సుమారు 10 లక్షల క్యూసెక్కులు పోతున్నప్పుడు. ఆ ఉరవడిలో గౌతమి మొగ దాకా తియ్యటి నీరే. డయాటం రెండుగా చీలేలోపే సముద్రంలో పడుతుంది. పైగా ఎర్రనీళ్లలో వెలుతురు జానెడు లోతుకు కూడా దిగదు. పోషకాలు దండిగా ఉన్నా వండుకోవడానికి పొయ్యి లేనట్టు. వరద తగ్గి ఒండ్రు దిగాక, ఆ ఎరువుతోనే డయాటంలు విరగబెరుగుతాయి.

కాలుష్యం కోసం వెతకాల్సింది ఎండాకాలంలో. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, ఆనకట్ట నుంచి పాయల్లోకి నీరు దాదాపు రాదు. ఉప్పు నీరు యానాం దాటి పైకి ఎక్కుతుంది. అప్పుడు మురుగు కాలువల్లో వచ్చేది ఊళ్ల మురుగు, చెరువుల నీళ్లే. ఏప్రిల్, మే నెలల్లో రెండు వారాలకొకసారి తీసిన నమూనాలు వరదలో రోజూ తీసినవాటికంటే ఎక్కువ చెబుతాయి.

మా నమూనాకు పామర్ సూచిక 22, షానన్ సూచిక 1.2 వచ్చాయి. ‘తీవ్ర కాలుష్యం’ అని రాయమన్నారు. రాయవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థి, అమలాపురం

రాయకండి. సేంద్రియ కాలుష్యాన్ని తట్టుకునే ఒక్కో పాచికి కొన్ని మార్కులిచ్చి కూడేది పామర్ సూచిక. మీరు పంపిన పట్టిక ఇదీ: యూగ్లినా 5, ఆసిలటోరియా 5, సీనెడెస్మస్ 4, నావిక్యులా 3, నిట్షియా 3, మెలోసిరా 1, సైక్లోటెల్లా 1. మొత్తం 22. పామర్ 1969లో ఈ సూచికను మంచినీటి కోసం తయారుచేశాడు. అక్కడ 20 గానీ అంతకు మించి గానీ వస్తే సేంద్రియ కాలుష్యం ఎక్కువని అర్థం. మన ఉప్పుటేళ్లలో నావిక్యులా, నిట్షియా ఏ మురుగూ లేకపోయినా బురద మీద ఉండేవే. డయాటంలు నాలుగూ పక్కన పెడితే మిగిలేది 14. ఆ 14 కూడా ఎక్కువగా తియ్యటి నీటిలో ఉండేవాటివి. మీ నమూనాలో ఉప్పదనం 6 పీపీటీ (వెయ్యి పాళ్లకు 6 పాళ్లు) అన్నారు. అవి అక్కడ పుట్టినవి కాక, డ్రెయిన్ మోసుకొచ్చినవి అయి ఉంటాయి. కాబట్టి తేలిందేమిటంటే డ్రెయిన్ నీరు అక్కడిదాకా వచ్చి ఉంటుందని. ఇది కూడా పనికొచ్చే సంగతే, కాకపోతే ‘తీవ్ర కాలుష్యం’ అన్న మాట వేరు.

ఇక జాతుల వైవిధ్యాన్ని కొలిచే షానన్ సూచిక సంగతి. మొదట లాగరిథం ఏ ఆధారానిదో చూడండి. సహజ లాగరిథంతో వచ్చిన 1.2, రెండు ఆధారంగా తీస్తే 1.73 అవుతుంది. ఒకరి 1.2ను ఇంకొకరి 1.73తో పోల్చి పక్క రేవు బాగుందని తేల్చిన నివేదికలున్నాయి. ‘ఒకటికి లోపు మురికి, మూడు దాటితే శుభ్రం’ అన్న హద్దులు నదుల అడుగున బతికే జంతువుల మీద పుట్టినవి, ప్లవకాలకు తగిలించడం తర్వాత వచ్చిన అలవాటు. ఇంకా ముఖ్యమైనది, 5 నుంచి 8 పీపీటీ మధ్య నీళ్లు మంచినీటి జాతులకు ఉప్పన, సముద్రపు జాతులకు చప్పన. అక్కడ వైవిధ్యం ఏ మురుగూ లేకపోయినా తక్కువే. ఆరోగ్యంగా పెరిగిన డయాటం బ్లూమ్‌లో (ఒక్కసారిగా విరగబెరిగినప్పుడు) కూడా ఒక్క స్కెలిటోనీమాయే ముప్పాతిక వంతు ఉండి సూచికను కిందికి లాగేస్తుంది.

మీ చోట ఏడాది పాటు, ఒకే పోటు దశలో తీసి, ఒకే ఉప్పదనం ఉన్న నమూనాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. డ్రెయిన్ కలిసే చోటుకు పైన, కింద రెండు చోట్లయినా ఉండాలి. డయాటంల వాటా తగ్గి తోకలతో ఈదే సన్నజాతులు, నీలాకుపచ్చ పోగులు పెరగడం, కోపిపోడ్లలో రకరకాలవి పోయి ఆయితోనా ఒక్కటే మిగలడం, వాటి స్థానంలో బ్రాకియోనస్ వంటి రోటిఫర్లనే చిన్న జంతు ప్లవకాలు రావడం – ఇవి కలిసి కనిపిస్తే, అక్కడ తెల్లవారుజామున ఆక్సిజన్, బీఓడీ (మురుగు కుళ్లడానికి లాగే ఆక్సిజన్) కొలిపించండి. అప్పుడు రాయండి.

ఉప్పుటేరు నుంచి రొయ్యల చెరువుకు నీరు తోడతాం. నీరు మంచిదో కాదో పంపు వేసేముందే తెలుసుకునే దారి ఉందా?
– ఆక్వా రైతులు, మొగల్తూరు

ఉంది. పోటు మొదలవగానే పంపు వేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మొదటి గంటలో వెనక్కి వచ్చేది ఇందాక పాటుకు పోయిన నీరే, అంటే పక్క చెరువు పట్టుబడి నీళ్లు. అరగంటకొకసారి ఉప్పదనం చూస్తూ, రెండు కొలతలు ఒకేలా వచ్చాక తోడండి.

ఆ టైములోనే గాజు సీసాలో నీళ్లు పట్టి గట్టు మీద అరగంట పెట్టండి. అడుగున గోధుమరంగు పొర దిగి పైన తేరితే అది ఒండ్రు. ఆకుపచ్చ పిండి పైకి తేలి తెట్టు కడితే మైక్రోసిస్టిస్ వంటి నీలాకుపచ్చ పాచి. దాని కణాల్లో గాలి తిత్తులుంటాయి, అందుకే తేలుతుంది. రంగు దిగకుండా, తేలకుండా అలాగే ఉంటే సూక్ష్మదర్శిని కావాలి. మందేమీ కలపకుండా పచ్చి నీటి చుక్కనే 100, 400 రెట్లలో చూడండి. గొలుసులు, ముళ్ల పెట్టెలు, గుండ్రటి బిళ్లలు బంగారు గోధుమరంగులో ఉంటే స్కెలిటోనీమా, కీటోసెరాస్, థలాసియోసైరా వంటి డయాటంలు. అంతకంటే మంచి నీరు లేదు. బొంగరంలా తిరుగుతూ ఈదేవి డైనోఫ్లాజెల్లేట్లు. అయోడిన్ పడితే ఆ తిరుగుడు ఆగిపోతుంది, పోల్చుకోవడం కష్టం. అవి నిండుగా ఉంటే రెండు మూడు రోజులు ఆగండి. యూగ్లినా, సీలియేట్లు అనే ఈదే ఏకకణ జీవులు కిటకిటలాడితే ఎవరిదో మురుగో మేత వ్యర్థమో కలిసింది.

ఈ పరీక్ష వైరస్‌ను, విబ్రియో బాక్టీరియాను చూపించదు. తెల్లమచ్చ వైరస్‌ను మోసే చిన్న పీతలు, రొయ్య పిల్లల కోసం వడపోత సంచులు, రిజర్వాయరులో బ్లీచింగ్ ఎలాగూ తప్పవు. 60 పీపీఎం లెక్కన మీటరు లోతు ఎకరానికి సుమారు 243 కిలోలు. చిక్కటి బ్లూమ్ ఉన్న నీటికి బ్లీచింగ్ వేస్తే క్లోరిన్ అంతా పాచిని కాల్చడానికే ఖర్చయి క్రిములకు మిగలదు. పల్చటి నీటిని తోడుకోవాలనడానికి ఇది ఇంకో కారణం.

చెరువులో పడ్డాక సెక్కీ బిళ్ల (నీటి తేటను చూడటానికి దించే బిళ్ల) 30 నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర కనుమరుగవ్వాలి. ఉదయానికీ మధ్యాహ్నానికీ పీహెచ్ తేడా 0.5 దాటితే బ్లూమ్ మితిమీరినట్టు. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 7 శాతం, 9కి చేరితే 45 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మేత అదే, అమ్మోనియా కిట్ అంకె అదే, రొయ్యలు మాత్రం మధ్యాహ్నం నీరసిస్తాయి. అప్పుడు కాపర్ సల్ఫేటుతో పాచిని ఒక్కసారిగా చంపకండి. చచ్చిన పాచి కుళ్లి ఆ రాత్రే ఆక్సిజన్ లాగేస్తుంది. మేత తగ్గించి, నీరు కొద్దికొద్దిగా మార్చి, ఏరేటర్లు నడపండి.

బ్లూమ్‌లు ఉపగ్రహం చూపిస్తుంది కదా, ఈ తంటా దేనికి?
– ఒక పాఠకుడు, రాజోలు

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) సముద్రంలో బ్లూమ్‌ల సమాచారం ఇస్తున్న మాట నిజమే. నడిసముద్రంలో అది బాగా పనికొస్తుంది. ఒడ్డున ఒండ్రును, మడ ఆకుల టీ రంగును ఉపగ్రహం పత్రహరితంగా పొరబడుతుంది. వానాకాలం మబ్బులు అడ్డు. దాని కంటికి ఒక్కో చుక్క కొన్ని వందల మీటర్ల నుంచి కిలోమీటరు, గాడేరు అంతకంటే సన్నం.

రాత్రి వల లాగుతుంటే సముద్రం నీలంగా మెరిసింది. ఎండాకాలంలో పగలు రంపపు పొట్టులా గోధుమరంగు తెట్టు కూడా చూశాం. రెండూ కాలుష్యమేనా?
– మత్స్యకారులు, ఉప్పాడ

రెండూ కాకపోవచ్చు. నీలి మెరుపు చాలాసార్లు నాక్టిల్యూకాది. సుమారు అర మిల్లీమీటరు ఉండే నీటి బుడగ లాంటి కణం, గ్లాసులో పట్టి దీపం దగ్గర పెడితే వట్టి కంటికే ఆనుతుంది. డయాటంలను మేసి పెరుగుతుంది, అందుకని పోషకాలు, డయాటంలు పుష్కలంగా ఉన్నాక వస్తుంది. దానికి విషం లేదు. గుట్టలుగా చేరి చస్తే అమ్మోనియా వదిలి, ఆక్సిజన్ లాగి చేపల్ని దూరం తోలుతుంది. పగటిపూట పొట్టు ట్రైకోడెస్మియం అనే నీలాకుపచ్చ పాచి. గాలి లేని మార్చి, ఏప్రిల్ నెలల్లో, పోషకాలు తక్కువున్న తేట సముద్రంలో గాలిలోని నత్రజనిని వాడుకుని పెరుగుతుంది. వలకు అంటుకుని కుళ్లితే కంపు కొడుతుంది గానీ మురుగుకు గుర్తు కాదు.

రొయ్యల చెరువులో రాత్రి వెలుగు కనిపిస్తే మాత్రం ఇదే అనుకోవద్దు. బకెట్లో నీళ్లు తీసి చీకట్లో కదపకుండా పెట్టండి. తడితేనే తళుక్కుమని ఆరిపోతే ప్లవకం. కదపకపోయినా మసకగా వెలుగుతూనే ఉంటే, రొయ్య ఒళ్లు కూడా మెరుస్తుంటే అది వెలుగునిచ్చే విబ్రియో. నీళ్లు, రొయ్యలు రెండూ తెల్లారగానే ల్యాబుకు పంపించండి.